ప్లిమత్ పక్షాన నా వాదన

ఆగస్టు 14, ఆదివారం

రాయి నెట్టీ. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. నగిషీలు పెట్టకు.

నా పేరు వెర్డీ స్టిడమ్. నాకు అక్షరం రాదు. బడి కొండకి అవతల ఉండేది, నా చంకలో ఎప్పుడూ ఎవడో ఒక తమ్ముడు ఉండేవాడు. అంకెలు మాత్రం వచ్చు. గడియారం చూడగలను, కారులో ముల్లు ఎక్కడుందో చూడగలను. ఇది రాస్తున్నది మా ఆడపడుచు నెట్టీ. ఇది ఎవరికోసమూ కాదు, నాకోసం. కోపం వస్తే నా మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి, చెప్పాల్సింది కింద ఉండిపోతుంది. వాదన ముందే వరసగా పెట్టుకుని, రోజూ పొద్దున కాఫీ దగ్గర నెట్టీ చేత చదివించుకుంటే, కార్ల పందేల ట్రాక్ నడిపే ఆర్లిస్ ముందు నిలబడినప్పుడు తడబడను.

వాదన ఇది. మా ఆయన డెన్వర్ కొన్న ప్లిమత్ కారు, హోబర్ట్ నేపియర్ కొన్న షెవెల్ కారు ఒకే ఏడాది ఈ లోయలోకి వచ్చాయి. రెండూ కొత్తవి, రెండూ పొగరుబోతువి. అప్పటి నుంచి ప్రతి అక్టోబరులో ఆర్లిస్ వాళ్ళ ట్రాక్ మీద పక్కపక్కన నిలబెడుతూనే ఉన్నారు. ఒక ఏడు ఇది, ఒక ఏడు అది. షాపు నుంచి వచ్చిన కారు వచ్చినట్టే ఉండాలి, ఇంజిన్లో చెయ్యి పెట్టకూడదు, అదీ అక్కడి నియమం. ప్లిమత్‌కి క్లచ్చు తొక్కి చేత్తో గేర్లు మార్చాలి. షెవెల్ గేర్లు అదే మార్చుకుంటుంది. ప్లిమత్తే మేలని మేము, షెవెలే మేలని హోబర్ట్. చర్చిలో, చేపలు పట్టే చోట, చావుల దగ్గర, ఎక్కడైనా ఇదే మాట.

పోయిన అక్టోబరులో మూడు పరుగులు పెట్టుకున్నారు. మొదటిది డెన్వర్ గెలిచాడు. రెండోది హోబర్ట్. మూడోదానికి వరసలో నిలబడ్డాక వాన పడింది. తడి బాట మీద ఆర్లిస్ ఎవర్నీ పరిగెత్తనివ్వడు. వచ్చే ఏడు చూసుకుందాం అనుకున్నారు. మార్చిలో డెన్వర్ పోయాడు.

ఇప్పుడు ఆర్లిస్ మోకాళ్ళు అరిగాయని ఈ అక్టోబరుతో ట్రాక్ మూసేస్తున్నాడు. మూడో పరుగు ఈసారి జరగాలి, లేకపోతే ఇక లేదు. ఏ కారు మేలో తేలకుండానే ఆ విషయం మట్టిలో కలిసిపోతుంది. అది నేను ఒప్పుకోను.

"అది నేను ఒప్పుకోను అన్నది కూడా రాయాలా వదినా?"

"అదే అసలు ముక్క. దాని కింద గీత గియ్యి."

ఆగస్టు 15

గరాజులో కాసేపు కూర్చున్నాను. కారులోనే. మనిషి అలికిడి లేకపోతే ఎలుకలు చేరి వైర్లు కొరుకుతాయి.

ఆగస్టు 16

ఎలుకలు.

ఆగస్టు 18, గురువారం

ఆర్లిస్ గేటు తీసి ఉంచితే ప్లిమత్‌ని ట్రాక్ మీదకి తీసుకెళ్ళాను. పందెంలో నేనే నడపాలి కదా. క్లచ్చు వదిలాను. చక్రాలు అక్కడే గిర్రున తిరిగాయి, పొగ లేచింది, కారు పక్కకి జారింది గాని ముందుకి పోలేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. బాట తడిగా ఉంది కాబోలు.

నెట్టీ వాన పడి రెండు వారాలైంది అంటోంది. అది రాయొద్దని చెప్పాను. టైర్లు పాతబడ్డాయి.

ఆగస్టు 21, ఆదివారం

ప్రార్థన అయ్యాక హోబర్ట్‌ని మెట్ల దగ్గర పట్టుకున్నాను. తాటిచెట్టంత మనిషి, నాతో మాట్లాడాలంటే వంగాలి. వంగడు. నా నెత్తి మీదుగా ఎవరితోనో మాట్లాడుతున్నట్టు మాట్లాడతాడు.

"మూడోది బాకీ ఉంది హోబర్ట్."

"డెన్వర్‌తో ఉంది. డెన్వర్ లేడు. అయిపోయింది."

"నేనున్నాను."

"నీతో పందేనికొస్తే ఏమవుద్ది చెప్పు. గెలిస్తే ముసలావిడ్ని ఓడించాడంటారు. ఓడితే ముసలావిడ చేతిలో ఓడాడంటారు. రెండువైపులా తన్నులు నాకే."

"నువ్వేమన్నా పడుచువాడివా?"

"కాదు కాబట్టే తన్నులు తట్టుకోలేనంటున్నా."

పక్కనున్నవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అప్పుడు అన్నాను, నెట్టీ, ఇది సరిగ్గా రాయి, ఎందుకంటే నా వాదనలో బలమైన ముక్క ఇదే:

"నీతో పందెం ఎవరిక్కావాలి? నాతో నీకెందుకు? ఇది కారుకీ కారుకీ మధ్య పందెం. ఎప్పుడూ అంతే. నేను కూర్చున్నా, నువ్వు కూర్చున్నా, పాస్టరు కూర్చున్నా ఒకటే. మేలైన కారు ముందుంటుంది."

హోబర్ట్ టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. నోట మాట రాలేదు.

ఆగస్టు 23, మంగళవారం

వచ్చింది.

ఆర్లిస్ దగ్గరికి వాదన చెప్పడానికి వెళ్ళాను. ఆర్లిస్ నాకంటే చాలా చిన్నవాడు, నన్ను అత్తా అంటాడు. టిక్కెట్ల గది ముందు బల్ల మీద హోబర్ట్ అప్పటికే కూర్చుని టమాటా ముక్కలు ఉప్పు చల్లుకుని తింటున్నాడు. నేను మొదలుపెట్టాను. ఏ తడబాటూ లేకుండా కార్లకీ మనుషులకీ సంబంధం లేదన్న దాకా చెప్పాను.

"అక్కడాగు వెర్డీ," అన్నాడు హోబర్ట్. "ఎవరు కూర్చున్నా ఒకటే అన్నావు. చర్చి మెట్ల మీద అన్నావు. ఇప్పుడు ఆర్లిస్ ముందూ అన్నావు."

"అన్నాను."

"అయితే ప్లిమత్ నేను నడుపుతా. షెవెల్ నువ్వు నడుపు. నిన్ను ఓడించాడని నన్నెవరూ అనరు. నీ చేతిలో ఓడాడనీ అనరు. కారుకీ కారుకీ మధ్యే ఉంటుంది, నువ్వన్నట్టు."

ఆర్లిస్ ముఖం పక్కకి తిప్పుకుని దగ్గాడు. అది దగ్గు కాదు.

"ఎవరు ఏ కారు ఓడాలనుకుంటున్నారో ఆ కారే వాళ్ళు నడిపితే," అన్నాడు తర్వాత, "ఇద్దరూ నిద్రపోతూ నడుపుతారు కదా హోబర్ట్. ఇట్టాంటి పందెం ఈ భూమ్మీద ఎవడన్నా కట్టాడా?"

"వెర్డీ నిద్రపోదు," అన్నాడు హోబర్ట్. "నేనూ పోను."

వాదన అక్కడే వదిలేసి ఇంటికొచ్చేశాను.

ఆగస్టు 24

కుదరదు.

ఆగస్టు 26, శుక్రవారం

ఆ కారులో డెన్వర్ సీటు ఎక్కడుందో అక్కడే ఉంది. నేను నడిపినప్పుడు కూడా జరపలేదు. వీపు వెనక రెండు దిళ్ళు పెట్టుకున్నాను. హోబర్ట్ కాళ్ళు స్టీరింగు కింద పట్టవు కూడా. వాడు ఎక్కగానే చెయ్యి సీటు కిందకి పోతుంది, ఒక్క తోపుతో వెనక్కి నెడతాడు. మళ్ళీ అది ఎక్కడుండేదో ఎవరికి తెలుసు?

నెట్టీ సుద్దముక్కతో గుర్తు పెడదాం అంది. నేను ఒప్పుకోలేదు. ఊరికే, అక్కర్లేదు.

ఆగస్టు 30, మంగళవారం

ఒప్పుకున్నాను. అన్న మాట వెనక్కి తీసుకుంటే నా వాదన మొత్తం కూలిపోతుంది. ఎవరు ముందు గీత దాటారన్నది కాదు, గడియారం చూడాలని ఆర్లిస్ తేల్చాడు. పచ్చదీపం వెలిగాక ఎవరు ఆలస్యంగా కదిలినా లెక్కలేదు, చక్రం కదిలిన క్షణం నుంచి ఆ కారు గడియారం ఆ కారుది. మూడు పరుగులు, వాటిలో మంచిది లెక్క. అది నాకూ నచ్చింది. కారు సంగతి కారు చెబుతుంది.

సెప్టెంబరు 3, శనివారం

హోబర్ట్ ప్లిమత్‌ని మొదటిసారి నడిపాడు.

నేను తీగకంచె దగ్గర నిలబడి చూశాను. చక్రాలు తిరిగాయి, పొగ, కారు తోక అటూ ఇటూ ఊగింది. ఆగి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి మరీ నెమ్మదిగా వదిలాడు, ఇంజిను గొంతు పట్టుకుని దగ్గి ఆగిపోయింది. డెన్వర్ చేతిలో ఆ కారు అలా దగ్గగా నేనెప్పుడూ వినలేదు.

దిగగానే అన్నాను. "ఎంత తెలివి హోబర్ట్. కావాలని చెడగొడుతున్నావు."

వాడు తాళంచెవి నా చేతిలో పెట్టాడు. ఎండకి వాడి చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది.

సెప్టెంబరు 4, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. తలనొప్పి.

సెప్టెంబరు 7, బుధవారం

నెట్టీ బీన్స్ ఏరుతూ నా మీద పడింది. దాని మాటలు కూడా రాయమన్నాను, న్యాయంగా ఉండాలి కదా.

"హోబర్ట్‌కి నోటిదూల ఉంది, ఒప్పుకుంటా. దొంగాటకం లేదు. అన్నయ్య పోయినప్పుడు గొయ్యి తవ్వింది ఎవరు? మిషను వస్తుందన్నా వినకుండా పారతో తవ్వాడు, ఆ నడుంతో. అలాంటోడు అన్నయ్య కారు చెడగొడతాడా?"

"మరి కారెందుకు పోలేదు?"

"నువ్వు నడిపినప్పుడు ఎందుకు పోలేదో అందుకే."

"టైర్లు."

"టైర్లే," అంది నెట్టీ, బీన్స్ గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

సెప్టెంబరు 10, శనివారం

హోబర్ట్ ఇంటికి వెళ్ళాను. క్షమించమని కాదు. "పక్కన కూర్చుంటాను, నడుపు" అన్నాను. పందేలు లేని రోజు ట్రాక్ మీద ఇద్దరు కూర్చున్నా ఆర్లిస్ ఏమీ అనడు.

ఎక్కాడు. మోకాళ్ళు స్టీరింగుకి రెండు పక్కలా చెవుల్లా లేచాయి. వాడి చెయ్యి సీటు కిందకి పోతుందేమోనని చూస్తూ కూర్చున్నాను. పోలేదు. సీటు జరపొద్దని నేనెవరికీ చెప్పలేదు. నెట్టీ చెప్పలేదంటోంది. పోయినసారి కూడా జరపలేదని అప్పుడు తెలిసింది.

వాడి కాలు చూశాను. కాలు అబద్ధమాడితే కనిపిస్తుంది. ఆడలేదు. చేతనైనంతా చేస్తున్నాడు.

"డెన్వర్ ఏం చేసేవాడు?" అని అడిగాడు. "నువ్వు ఈ సీట్లో ఏళ్ళ తరబడి కూర్చున్నావు."

చెప్పాను. క్లచ్చు సగం దాకా వదిలి అక్కడ ఆపేవాడు. కారు ముక్కు కొంచెం పైకి లేచేది, వాసన పట్టిన కుక్కలాగా. అప్పుడు మిగతా సగం వదిలేవాడు. కుడికాలు తొక్కేవాడు కాదు, ఒత్తేవాడు. చక్రం జారబోతోందని కారుకంటే ముందు ఆయనకి తెలిసేది.

"ఎట్టా తెలిసేది?"

"నాకేం తెలుసు? ఆయన కాలికి తెలిసేది."

పొద్దు వాలేదాకా చేశాడు. కొంచెం మెరుగు. ముక్కు లేవలేదు.

సెప్టెంబరు 17, శనివారం

ఈరోజు షెవెల్‌లో కూర్చున్నాను. సీటు ముందుకి జరిపి, అద్దం సరిచేసి హోబర్టే సిద్ధంగా ఉంచాడు.

"తొక్కు, అంతే. మిగతాది అది చూసుకుంటది."

తొక్కాను. వీపు మీద ఎవరో రెండు చేతులతో నెట్టినట్టయింది. జారలేదు, ఊగలేదు. గేర్లు అవే మారాయి. గీత దాటి బ్రేకు వేసేదాకా నేను చేసిన పనేమీ లేదు.

హాయిగా ఉంది. కొట్టెయ్యి నెట్టీ. హాయిగా ఉందన్నది కొట్టెయ్యి. బండి అన్నాక పరిగెత్తుతుంది.

సెప్టెంబరు 24

ఏమీ లేదు. మొక్కజొన్న రొట్టె మాడిపోయింది.

అక్టోబరు 8, శనివారం

హోబర్ట్ ఇప్పటికీ రోజు మార్చి రోజు ప్లిమత్‌ని తీసుకెళ్తున్నాడు. ప్లిమత్ గెలిస్తే వాడి షెవెల్ ఓడినట్టే. అయినా ప్లిమత్‌ని గెలిపించడానికి వాడు పడుతున్న తంటా చూస్తే ఎవరికైనా ఆశ్చర్యమే. ఈరోజు నాతో అన్నాడు, "వెర్డీ, నా కాలికేమన్నా అయిందంటావా?"

కాలికేం కాలేదు. క్లచ్చు బిగుసుకుని ఉండొచ్చు. ఎన్ని నెలలో ఊరికే నిలబడి ఉంది కదా.

అక్టోబరు 14, శుక్రవారం

రేపే.

ఒక ఆలోచన వచ్చింది, అది కూడా రాయి. షెవెల్‌లో నా కాలు ఒక్క వెంట్రుకవాసి ఎత్తితే చాలు. ఎవరికీ తెలియదు. ప్లిమత్ గెలుస్తుంది. డెన్వర్ అన్న మాట నిలబడుతుంది.

"ఎత్తుతావా?" అంది నెట్టీ, రాయడం ఆపి.

"నువ్వైతే?"

"నేనైతే ఎత్తుతా. ఆయన నాకు అన్నయ్య."

రాసింది చాలు, పెన్ను మూసెయ్ అన్నాను.

అక్టోబరు 15, శనివారం

ఆకాశం నిర్మలంగా ఉంది. గాలి చల్లగా, పొడిగా. ఇలాంటి గాలిలో ఇంజిన్లు బాగా ఊపిరి తీస్తాయి. ఆఖరి రోజని లోయ మొత్తం వచ్చింది. గడ్డిలో కూడా కార్లు ఆపారు.

మొదటి పరుగు. స్తంభం మీద పసుపు దీపాలు పైనుంచి ఒక్కొక్కటే వెలుగుతూ దిగి వచ్చాయి, పచ్చ వెలిగింది. తొక్కాను. కాలు ఎత్తలేదు. చివరిదాకా నేలకి అదిమే ఉంచాను. ఎందుకో చెబుతాను. డెన్వర్‌కి దొంగ గెలుపు ఇస్తే దాన్ని ఎక్కడ పెట్టుకుంటాడు? ఇంట్లోకి కూడా రానివ్వడు. పక్కన ప్లిమత్ కనిపించలేదు. వెనక ఎక్కడో టైర్ల అరుపు మాత్రం వినిపించింది.

రెండో పరుగు అంతే.

మూడో పరుగుకి ముందు హోబర్ట్ కిటికీ దగ్గరికి వచ్చాడు. "ఇంకోసారి చెప్పు. సగం వదిలి ఆగాలి. తర్వాత?" చెప్పాను. పెదాలతో నా మాటలు మళ్ళీ అనుకుంటూ వెళ్ళాడు, బైబిలు వాక్యం బట్టీ పట్టేవాడిలా.

ఈసారి బాగానే కదిలాడు. అయినా నా వెనకే ఉన్నాడు.

టిక్కెట్ల గది ముందు ముగ్గురం నిలబడ్డాం. ఆర్లిస్ సమయాలు చదివాడు. షెవెల్‌లో నేను తెచ్చింది పోయినేడు హోబర్ట్ తెచ్చినదానికి రెప్పపాటు తేడా. ఎవరు కూర్చున్నా దానికి ఒకటే. నేనన్నది షెవెల్ విషయంలో అక్షరాలా నిజం. ప్లిమత్ విషయంలో కాదు. పోయినేడు డెన్వర్ తెచ్చినదానికీ, ఈరోజు హోబర్ట్ తెచ్చిన మంచిదానికీ దాదాపు అర సెకను తేడా. ఆ ట్రాక్ మీద అర సెకనంటే రెండు కార్ల మధ్య ఒక పశువుల లారీ పట్టేంత దూరం.

"తేలిపోయింది," అన్నాడు ఆర్లిస్. "షెవెలే. నలభై ఏళ్ళ గొడవ. కంగ్రాట్స్ హోబర్ట్."

హోబర్ట్ చెయ్యి ఇవ్వలేదు. ప్లిమత్ బానెట్‌కి ఆనుకుని నిలబడ్డాడు. నాకు కోపం రావాలి. మాటలు ఒకదాని మీద ఒకటి పడాలి. హోబర్ట్ ముఖం చూస్తే రాలేదు. అప్పులవాడు వచ్చి తలుపు కొట్టిన ఇంటివాడిలా ఉన్నాడు.

"వెర్డీ," అన్నాడు. "మేలైన కారు నాది."

"అవును."

"మొదట్నుంచీ."

"అవును."

"మేలైన కారులో కూర్చుని, ఏడాది ఏడాదికీ డెన్వర్‌తో గెలుపులు సగం సగం పంచుకున్నాను."

అప్పుడు నాకు అర్థమైంది. పరుగు అయ్యాక అందరూ చుట్టూ మూగితే డెన్వర్ ఒకటే మాట అనేవాడు, నేనేం చేశాను, కూర్చున్నాను, అంతా ఈ బండి చలవే అని. నేను నమ్మాను. లోయ మొత్తం నమ్మింది. ఆయన అన్నాడు కాబట్టే కారు గురించి ఇన్నేళ్ళు అందరితోనూ గొంతు చించుకున్నాను. ఆయన అన్న మాటల్లో నాకు తెలిసి అబద్ధం ఇదొక్కటే.

"అత్తా, మైకులో ఏమని చెప్పమంటావు?" అన్నాడు ఆర్లిస్. మర్యాదకి నన్నడిగాడు, పాపం.

"షెవెల్ గెలిచిందని చెప్పు. గట్టిగా చెప్పు, వెనకవాళ్ళకి వినపడాలి."

మైకు ఆర్లిస్ చేతిలోంచి హోబర్ట్ తీసుకున్నాడు. వాడికి మైకులో మాట్లాడటం అలవాటు లేదు, నోటికి మరీ దగ్గరగా పెట్టుకున్నాడు, ఊపిరి కూడా వినిపించింది.

"షెవెల్ గెలిచింది," అన్నాడు. "అందుకని నేను ఓడిపోయాను. డెన్వర్ స్టిడమ్ చేతిలో. లెక్క మీరే వేసుకోండి."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. గడ్డిలో కూర్చున్న పాతవాళ్ళలో ఒకడు ముందుగా లెక్క వేసుకున్నట్టున్నాడు, లేచి టోపీ తీశాడు. తర్వాత ఇంకొకడు. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. అదే బాగుంది.

అక్టోబరు 16, ఆదివారం

నెట్టీ పెన్ను పట్టుకుని కూర్చుంది.

"వాదన అయిపోయినట్టేనా వదినా?"

"కారు సంగతి అయిపోయింది. ఓడిపోయాను. రాసుకో."

"రాశాను. ఇంకేముంది?"

ఉంది. మార్చిలో డెన్వర్ పోయాడు అని ఒక్క ముక్క చెప్పి దాటేశాను. నువ్వూ అడగలేదు, మంచిదానివి. ఇప్పుడు చెబుతాను. మధ్యలో ఆగితే కాసేపు ఊరుకో, మళ్ళీ మొదలుపెడతాను. ఏడిస్తే ఏడ్చిందని రాయి.

మార్చి పదకొండు, శుక్రవారం. ఇంకా తెల్లవారలేదు. ఆయన నాకంటే ముందు లేచాడు. చొక్కా తిరగేసి వేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, కాఫీ ఉందా వెర్డీ అన్నాడు.